బోడి రొట్టెల ఇల్లు

మర్గిలాన్ ఊళ్ళో పట్టునేతవాళ్ళ వాడలో ఇనోయత్ నోటికి జంకని మనిషి లేడు. ఆమె వస్తోందని తెలిస్తే రొట్టెలు కాల్చే సోబిర్ మాడినవాటిని గుడ్డ కింద దాచేసేవాడు. అరుగు మీద కబుర్లాడుకునే ముసలివాళ్ళు ఆమె సందు మలుపు తిరగ్గానే ఎక్కడి మాట అక్కడ ఆపేసేవాళ్ళు. అలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన ముహయ్యో, నోరు విప్పకుండా తన పని తాను చేసుకుపోవడమెలాగో మొదటి ఏడాదిలోనే ఒంటబట్టించుకుంది. రెండో ఏడాది పెరట్లో ఖాళీగా పడున్న కొట్టంలోకి గుడ్లు పెట్టే కౌజుపిట్టల్ని తెచ్చింది.

ఇనోయత్ వాటిని చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఇవీ కౌజులేనా? కౌజంటే పాడాలే పిల్లా! మీ మామ పెంచాడు చూడు, అదీ కౌజంటే. సొరబుర్ర పంజరంలో పెట్టి మల్బరీ చెట్టుకి వేలాడగట్టేవాడు. తెల్లారి అది గొంతెత్తిందంటే నీళ్ళకెళ్ళే ఆడవాళ్ళు బిందెలు దించుకుని మరీ వినేవాళ్ళు. ఇవేంటి? తింటాయి, గుడ్డు పెడతాయి, మళ్ళీ తింటాయి. మా ఆడపడుచులా ఉన్నాయి."

ముహయ్యో తల వంచుకుని నవ్వు దాచుకుంది. పాట రాకపోతేనేం, పని వచ్చు వాటికి. పిడికిట్లో పట్టేంత పిట్ట, రోజూ ఓ గుడ్డు. ప్రతి గుడ్డు మీదా మట్టిరంగు మచ్చలు, ఏ పిట్ట మచ్చలు ఆ పిట్టవే. పెద్ద పెద్ద మరకలు వేసేది ఎప్పుడూ మరకలే వేస్తుంది, సన్నగా చుక్కలు చల్లేది ఎప్పుడూ చుక్కలే చల్లుతుంది. గుడ్డు చేతిలోకి తీసుకుంటే ఇది ఏ మూలనున్న పిట్టదో ముహయ్యో చెప్పేసేది. అద్దకం పనివాళ్ళు కూడా ఒక్కోరోజు రంగు తప్పుతారు గానీ ఈ పిట్టలు తప్పవు. అందుకే వాటి ముందు కూర్చుంటే ఆమెకు పొద్దు తెలిసేది కాదు.

వాటి మేత కోసం ఆమె పడని పాట్లు లేవు. మొదట్లో ఎవరో చెప్పారని పట్టు తీసే మిల్లు నుంచి గూటి పురుగులు తెచ్చి, ఎండబెట్టి, దంచి పెట్టింది. పిట్టలు ఎగబడి తిన్నాయి. గుడ్లు మాత్రం చేపల కంపు కొట్టాయి. భర్త ఇల్యోస్ ఒకటి నోట్లో పెట్టుకుని, ఉమ్మలేక మింగలేక, "బాగానే ఉంది" అని చెప్పి పెరట్లోకి పరిగెత్తాడు. ఆ తర్వాత ఆమె తన దారి తాను వెతుక్కుంది. మొక్కజొన్న, సోయా చెక్క కలిపి, అందులో నీడన ఎండిన లూసర్న్ గడ్డి పొడి వేసేది. బంతిపూల రేకులు ఎండబెట్టి నలిపి చల్లేది, పచ్చసొనకు ఆ రంగు దిగుతుందని. గుడ్డు పెంకుల్ని వేయించి మెత్తగా నూరి మళ్ళీ మేతలోనే కలిపేది, పెంకు గట్టిపడాలని. వసంతం వచ్చేసరికి ఆ గుడ్డు పగలగొడితే పచ్చసొన పళ్ళెంలో గుండ్రంగా, ఎత్తుగా నిలబడేది.

ఆ సొన చూసే పెళ్ళి వంటల పెద్ద తుర్గున్ ఉస్తా ఓ మాటిచ్చాడు. ఆ వైపు పెళ్ళి పలావులన్నీ ఆయనే వండాలి. పళ్ళెంలో పలావు గుట్టగా పోసి, పైన మాంసం పరిచి, చుట్టూ కౌజు గుడ్లు కోసి పెడితే గానీ పెళ్ళి పలావు అనిపించుకోదు. ఆయన ఓ గుడ్డు గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, పెదవి విరిచాడు.

"వసంతంలో ఎవరి గుడ్డయినా బాగానే ఉంటుందమ్మాయ్. నడివేసవి నలభై రోజుల చిల్లా ఎండలు రానీ. ఎండల్లో పిట్ట నీళ్ళే తాగుతుంది, మేత ముట్టదు. పెంకు పల్చబడుతుంది, సొన వెలిసిపోతుంది. చిల్లా వెళ్ళాక వస్తా, నా చేత్తో ఉడకబెట్టి చూస్తా. నిలిచిందా, మన వాడ పెళ్ళిళ్ళన్నిటికీ నీ గుడ్లే. నిలవలేదా, పట్నం ఫారం వాడి లారీ నా గుమ్మం ముందే ఆగుతుంది."

ఇల్యోస్ మంచివాడే, పెళ్ళాం మీద ప్రేమున్నవాడే. కానీ కొట్టం ఊరికే పిట్టలకు వదిలెయ్యడం అతనికీ కష్టంగానే ఉంది. "ఉస్తా వద్దంటే ఇంక పంతం పట్టకు. మందనంతా కొచ్కార్‌కిచ్చేద్దాం" అన్నాడు. కొచ్కార్ బజారు మూలన కౌజుపిట్టల్ని ఊచలకు గుచ్చి కాల్చి అమ్మేవాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ప్రతి శుక్రవారం కొట్టం తలుపు దగ్గరికొచ్చి, లోపలికి తొంగిచూసి, "ఏం చెల్లెమ్మా, బొగ్గులు రాజెయ్యమంటావా?" అని అడిగి పోయేవాడు. నవ్వుతూనే అడిగేవాడు. ముహయ్యో మాత్రం నవ్వకుండా తలుపు మూసేసేది.

ఇంతలో ఇనోయత్‌కి పిట్టల మీద గాలి మళ్ళింది. ఆడవాళ్ళు వంతులేసుకుని ఒకరింట్లో కూడే చోట ఎవరో, "మీ కోడలిచ్చిన గుడ్లు తినిపించాకే మా మనవడి చెంపలు ఎర్రబడ్డాయి" అన్నారు. అంతే. అప్పటిదాకా ఆడపడుచుల్లా కనిపించిన పిట్టలు ఆ సాయంత్రానికి ఆమె సొంత బిడ్డలైపోయాయి. అంతటితో ఊరుకుంటే ఇనోయత్ ఎందుకవుతుంది? అందరి ముందూ ఓ మాట కూడా ఇచ్చేసింది.

"మీ ఇళ్ళలో ఎండిన రొట్టెలుంటే మా గుమ్మానికి తగిలించండి. మా పిట్టలు తింటాయి."

ఆ ఊళ్ళో రొట్టెను పారెయ్యడమనేది ఊహకందని సంగతి. దారిలో ముక్క కనబడితే వంగి తీసి, ముద్దు పెట్టుకుని, కళ్ళకద్దుకుని, కాలు తగలని చోట గోడ మీద పెట్టి గానీ ముందుకు కదలరు. అటువంటి చోట పాత రొట్టె ఏం చెయ్యాలన్నది ప్రతి ఇల్లాలికీ గుండెల మీద కుంపటే. ఇనోయత్ నోటి వెంట ఆ మాట రాగానే వాడ వాడంతా ఊపిరి పీల్చుకుంది. మర్నాటి నుంచి గుమ్మం గొళ్ళేనికి సంచులే సంచులు.

సంచులు చూసి ముహయ్యో, వెనకింటివాళ్ళ ఆవుకని అనుకుంది. అత్తగారిని అడగడమన్నది ఆ ఇంట్లో లేని అలవాటు.

చిల్లా వచ్చింది. కాలవ నీళ్ళు కూడా వేడెక్కాయి. ముహయ్యో కొట్టం కప్పు మీద తడి గోనెలు పరిచింది, తలుపుకు తడిగుడ్డ కట్టింది. అయినా గుడ్లు రోజురోజుకీ నీరసపడ్డాయి. బొటనవేలు ఆనిస్తే చాలు, పెంకు లోపలికి పోయేది. కొన్నిటికి పెంకే లేదు, ఉల్లిపొర లాంటి తోలుసంచీతో మెత్తగా చేతికొచ్చేవి. పచ్చసొన పాలిపోయి పళ్ళెంలో పరుచుకునేది.

ఎండల వల్లేనని ఆమె మందుల మీద మందులు చేసింది. తాగే నీళ్ళలో పుదీనా నలిపి వేసింది. వెల్లుల్లి దంచి కలిపింది. దానిమ్మ తొక్క పొడి చల్లింది. గుడ్ల పెంకుల పొడి పాళ్ళు పెంచింది. కానీ మేత తొట్టిలో పోసింది పోసినట్టే ఉండేది. బంతిరేకులు పైన అలాగే పేరుకుపోయేవి. పిట్టలకు జబ్బేమో అనుకుంటే అవి మేత అడక్కుండా మత్తుగా కూర్చునేవి తప్ప, జబ్బు జాడే లేదు. ముహయ్యో పని చేస్తూ చేస్తూ ఆగిపోయేది. తాను ఇన్నాళ్ళూ నేర్చుకున్నదంతా వట్టిదేనా అనిపించి ఏడుపొచ్చేది.

శుక్రవారం కొచ్కార్ వచ్చాడు. ఈసారి తొంగిచూసి ఊరుకోలేదు. ఓ పిట్టను పట్టి, రొమ్ము కింద వేలితో నొక్కి చూసి, ముఖం చేటంత చేసుకున్నాడు.

"అబ్బబ్బ! ఏం కొవ్వు చెల్లెమ్మా! ఊచకి గుచ్చితే నూనె రాయక్కర్లేదు, దాని నూనెతో అదే కాలుతుంది. ఉస్తా కోసమని చెప్పి లోపల్లోపల నాకోసమే పెంచుతున్నావన్నమాట!"

ముహయ్యో ఆ పిట్టను అందుకుని తనూ నొక్కి చూసింది. గుడ్లు పెట్టే పిట్టకు కొవ్వెక్కడిది? తను పోసిన మేత తొట్టిలోనే ఉంది. మరి ఈ పిట్టలు ఏం తింటున్నాయి?

మర్నాడు పొద్దున్నే గుడ్ల బుట్ట పట్టుకుని బజారుకు బయల్దేరినట్టే బయల్దేరి, సందు చివరి నుంచి వెనక్కి వచ్చింది. కొట్టంలో ఇనోయత్ చేతులు పైకి మడుచుకుని, పెద్ద బేసినులో నానబెట్టిన రొట్టె ముద్దలు చేసి పెడుతోంది.

"తినండి తల్లులూ, తినండి. ఇది హదీచా ఇంటి రొట్టె, వెన్న వేసి కాల్చింది. ఆ పిచ్చిది మీకు గడ్డీ గాదం పెడుతోంది. దాని మాట అటుంచండి."

ముహయ్యో గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె నోటి నుంచి మాట తనకు తెలియకుండానే వచ్చింది. "అత్తమ్మా, ఇవి నేను పెట్టే మేత అందుకే ముట్టట్లేదు. రొట్టెతో కడుపు నింపేస్తున్నారు మీరు. రొట్టెలో పెంకుకు కావలసిందేమీ లేదు. ఒట్టి కొవ్వు పడుతోంది. మీరిలాగే పెడితే ఉస్తా వచ్చిన రోజు చూపించడానికి గుడ్డు ఉండదు, కొచ్కార్ ఊచలే ఉంటాయి."

ఇనోయత్ చెయ్యి బేసినులోనే ఆగిపోయింది. కోడలు ఎదురు మాట్లాడటం ఆమె వినడం అదే మొదలు.

"రొట్టె చెడ్డదంటావా?" అంది చివరికి. "నా ఎదురుగా, రొట్టెను?"

"రొట్టె చెడ్డదనట్లేదు అత్తమ్మా. మన పిట్టలకు పడదంటున్నా."

"అయితే ఇంటింటికీ వెళ్ళి చెప్పనా, మీ రొట్టె మాకొద్దని? ఆ మాట అనగలిగే నోరు నాకు లేదు. నీకుంటే నువ్వే వెళ్ళి చెప్పు."

ముహయ్యోకీ ఆ నోరు లేదు. అది ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. వస్తున్న రొట్టెను వద్దనడానికి వీల్లేదు, పారెయ్యడానికి వీల్లేదు, పిట్టలకు పెట్టడానికి వీల్లేదు. వెనకింటి ఆవు ఎంతని తింటుంది? గొళ్ళేనికి సంచులు వేలాడుతూనే ఉన్నాయి. ఇంట్లో మాటలు మాత్రం ఆగిపోయాయి. ఇనోయత్ వసారాలో గట్టు మీద రొట్టెల గుట్ట ముందేసుకుని, గోడకు ముఖం తిప్పుకుని కూర్చునేది. ఆమె నోరు మూతపడితే ఇల్లు ఇంత బోసిగా ఉంటుందని ముహయ్యో అనుకోలేదు. తిట్టినా బాగుండుననిపించేది.

కొద్దిరోజులకు మేత తొట్టి దగ్గర ముహయ్యో ఓ గిన్నె చూసింది. గిన్నె నిండా నల్లజీలకర్ర. ఎవరు పెట్టారా అని వసారాలోకి వస్తే ఇనోయత్ ఒళ్ళో రొట్టె పెట్టుకుని, బొటనవేలితో పైన అద్దిన గింజల్ని ఒక్కొక్కటే గీరి తీస్తోంది. సోబిర్ రొట్టె నడుమన ముళ్ళ అచ్చుతో పోటు వేసి, దాని మీద నల్లజీలకర్ర చల్లి కాలుస్తాడు. కాలిన రొట్టెకు ఆ గింజ గట్టిగా పట్టుకునుంటుంది. తియ్యాలంటే గోళ్ళు అరగాల్సిందే.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తావు?" అంది ఇనోయత్ తల ఎత్తకుండా. ఆమె నోరు తెరిచిందన్న సంతోషంలో ముహయ్యోకి తిట్టు తిట్టులా వినపడలేదు. "చిల్లా ఎండల్లో మీ మామ పిట్టకి గొంతు మూతపడేది. రెక్కలు వేలాడేసి, నోరు తెరుచుకుని రొప్పేది. అప్పుడు ఆయన తన రొట్టె మీది గింజలు గీరి అరచేతిలో పెట్టి తినిపించేవాడు. నాలుగు రోజులకి మళ్ళీ పాడేది. మీ పిట్టలకి పాట లేకపోతే పోయింది, రొప్పడమైతే ఒకటేగా? పెట్టి చూడు. పోసెయ్ గిన్నెడూ."

"గిన్నెడూ వద్దు అత్తమ్మా. ఘాటుకు మేతే మానేస్తాయి. చిటికెడు చిటికెడు కలుపుతా."

"చిటికెడా? వేళ్ళు అరగదీసుకుని గీరింది చిటికెడు పెట్టడానికా?"

"మీరు గీరుతూ ఉండండి, నేను రోజూ చిటికెడు పెడుతూ ఉంటా."

ఇనోయత్ కోడలి వంక ఎగాదిగా చూసింది. తరవాత రొట్టె తిప్పి మళ్ళీ గీకడం మొదలుపెట్టింది.

గింజలు గీరేశాక మిగిలిన బోడి రొట్టెల సంగతి కూడా ఆమే తేల్చింది. సగం దంచి, కాలవ అవతల గొర్రెలు పెంచేవాళ్ళకు పంపింది. మిగతా సగం ఇంట్లోనే. ఆ వేసవంతా ఆ ఇంట్లో పొద్దున టీలో బోడి రొట్టె, మధ్యాహ్నం పులుసులో బోడి రొట్టె. ఇల్యోస్ ఓరోజు, "అమ్మా, ఒక్క గింజయినా ఉన్న రొట్టె..." అని గొణిగాడు. "గుడ్లు పెడతావా? పెడితే చెప్పు, నీకూ గింజలు వేస్తా" అంది ఇనోయత్. ఇల్యోస్ మళ్ళీ నోరెత్తలేదు.

గింజలు చాలకపోతే ఆమె తిన్నగా సోబిర్ తందూరు దగ్గరికే వెళ్ళింది. నడి వీధిలో నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏమయ్యా సోబిర్! జీలకర్ర చల్లుతున్నావా, దిష్టి తీస్తున్నావా? రొట్టెకి పది గింజలా? మీ నాన్న చల్లితే రొట్టె నడుమ నల్లగా పొద్దుతిరుగుడు పువ్వు పూసినట్టుండేది. ఆయన పేరు నిలబెట్టవయ్యా."

తండ్రి పేరు తెచ్చేసరికి సోబిర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మర్నాటి నుంచి వాడలో ప్రతి ఇంటి రొట్టే గింజలతో నల్లబడింది. తిన్నవాళ్ళు తినగా, మిగిలింది సంచీల్లో ఎక్కి ఇనోయత్ ఒళ్ళోకి చేరింది. ఊరంతటి చేత తన కౌజుపిట్టలకు మేత కట్టించిందా ముసలిది! ముహయ్యో ఆ సంగతి తలుచుకుని తలుచుకుని, కొట్టంలో ఒంటరిగా కూర్చుని పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే, ఇలాంటి మనిషి తన పక్షాన ఉందని మొదటిసారి ధైర్యంగా అనిపించింది.

పిట్టలు మళ్ళీ తొట్టి దగ్గరకు చేరాయి. రొట్టె లేదు కనుక ఆకలేసింది, గింజ ఉంది కనుక రుచి తెలిసింది. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. బంతిరేకులూ లూసర్న్ పొడీ తొట్టిలో మిగలడం మానేశాయి. కొవ్వు కరిగింది. రొప్పడం తగ్గింది. గుడ్డు మీద మచ్చలు మళ్ళీ చిక్కగా తేలాయి. ఓ పొద్దున ముహయ్యో గుడ్డు మీద బొటనవేలు ఆనించి, భయంభయంగా నొక్కింది. గట్టిగా నొక్కింది. పెంకు కదల్లేదు.

చిల్లా వెళ్ళిన వారం తుర్గున్ ఉస్తా వచ్చాడు. ఆయన వెనకాలే, పిలవని పేరంటంగా కొచ్కార్ కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో ఖాళీ బుట్టలు కూడా ఉన్నాయి. ముహయ్యో వాటి వంక చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

ఉస్తా తన చేత్తోనే బుట్టలోంచి గుడ్లు ఏరుకున్నాడు, తన చేత్తోనే కళాయిలో వేశాడు. నీళ్ళు తెర్లుతున్నాయి, గుడ్లు ఒకదానికొకటి టకటకా కొట్టుకుంటున్నాయి. ఇల్యోస్ గడ్డం గోక్కుంటున్నాడు. ఇనోయత్ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థిస్తోందో తిడుతోందో తెలియదు. ఒక్క గుడ్డూ పగల్లేదు. ఉస్తా చల్లనీళ్ళలో వేసి, రెండు వేళ్ళ మధ్య దొర్లించి ఒలిచాడు. పెంకు పొర చుట్ట చుట్టుకుని ఒక్క ముక్కగా ఊడింది. నడిమికి కోశాడు. లోపల ముదురు పసుపు సొన, పలావులోని క్యారెట్‌ను మించిన రంగులో.

ఉస్తా సగం నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన గుడ్డు మింగి, ఎదురుగా పరిచిన గుడ్డ మీది రొట్టె కోసం చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అక్కడే ఆగింది.

అది బోడి రొట్టె.

ముహయ్యో ఉలిక్కిపడి రొట్టె వంక చూసింది. అతిథి కోసమని పొద్దున సోబిర్ దగ్గర తాజా రొట్టె తెచ్చి తనే దాచింది, హడావిడిలో చూడకుండా తనే తెచ్చి పెట్టింది. ఇంటికొచ్చిన పెద్దమనిషి ముందు, అదీ పెళ్ళి పలావుల ఉస్తా ముందు, గీకేసిన రొట్టె పెట్టడమంటే ముఖం మీద ఉమ్మినట్టే. ఆమె అత్తగారి వైపు చూసింది. ఇనోయత్ తల దించుకుంది.

"పొద్దున... పొద్దున గిన్నెలో గింజలు అడుగంటాయి" అంది మెల్లగా. "ఈ రోజు పిట్టలకి తక్కువవుతుందని... చేతికి అదే దొరికింది నాయనా. తాజాదని చూసుకోలేదు."

ఉస్తా రొట్టెను పైకెత్తి, నడిమి అచ్చుపోటు మీద గీతలు చూశాడు. గింజ ఉన్న చోటల్లా చిన్న గుంట. తరవాత ఆయన చూపు ఇనోయత్ ఒళ్ళోకి దిగింది. ఆమె చేతుల్ని కొంగు కిందకు లాక్కుంది గానీ ఆలస్యమైంది. బొటనవేళ్ళ గోళ్ళు సగానికి అరిగిపోయి, చర్మం చీలి, చీలికల్లో నల్లటి పొడి దిగి ఉంది.

"ఈ సొన వెనకాల ఉన్నది ఇదన్నమాట" అన్నాడు ఉస్తా.

"మేతంతా నా కోడలిది" అంది ఇనోయత్ గబగబా. "లూసర్నూ, బంతిపూలూ, పెంకుల పొడీ, పాళ్ళూ లెక్కలూ అన్నీ దానివే. నేను పెట్టింది రొట్టె. పిట్టల్ని చంపబోయింది నేనే. ఇది ఆపింది."

ముహయ్యోకి వింటున్న చెవులు తనవేనా అనిపించింది. ఆ నోరు తప్పు ఒప్పుకోవడం, అదీ నలుగురి ముందు!

ఉస్తా బోడి రొట్టెను రెండు చేతులతో తుంచాడు. ఓ ముక్క ఇనోయత్ ముందు, ఓ ముక్క ముహయ్యో ముందు పెట్టి, మిగిలిన గుడ్డు సగంతో కలిపి తాను తిన్నాడు. "సోబిర్ రొట్టె గింజలు లేకపోయినా బాగానే ఉంటుంది" అన్నాడు. "వచ్చే గురువారం చివరి సందులో పెళ్ళి. పెద్ద బుట్ట సిద్ధం చెయ్యండమ్మా. ఒరేయ్ కొచ్కార్, ఇంక బుట్టలు ఇంటికి మోసుకుపో."

కొచ్కార్ నెత్తి గోక్కుని, ఉడికిన గుడ్డొకటి నోట్లో వేసుకుని, "రుచి మాత్రం నిజమే చెల్లెమ్మా" అంటూ వెళ్ళిపోయాడు.

ఉస్తాను సాగనంపి వచ్చేసరికి ఇనోయత్ అలవాటుగా వసారా గట్టు మీదకు చేరి, కొత్త సంచీ విప్పుతోంది. ముహయ్యో వెళ్ళి పక్కన కూర్చుంది. అత్తగారి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అరిగిన ఆ బొటనవేలిని ముద్దు పెట్టుకుని, మెల్లగా రెండు కళ్ళకూ అద్దుకుంది.

"ఏమే, నేనేమన్నా కిందపడ్డ రొట్టె ముక్కనా?" అంది ఇనోయత్. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.